ఆడుకోవడానికి రండి



చైనాలో సిచువాన్ ప్రావిన్సుకి రాజధాని చెంగ్డూ. ఆ ఊళ్లో మూడేళ్లపాటు నేను సాయంకాలపు తరగతిలో పెద్దవాళ్లకి ఇంగ్లీషు చెప్పాను. పగలంతా ఉద్యోగాలు చేసుకుని, రాత్రి ఏడింటికి ఒక చేత్తో పుస్తకాల సంచీ, ఇంకో చేత్తో ఆకులు తేలుతున్న టీ సీసా పట్టుకుని వచ్చేవాళ్లు. అందరిలోకీ పెద్దాయన అరవై దాటిన రిటైర్డ్ ఇంజనీరు. యంత్రాల ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసిన మనిషి. మొదటి నెల గడిచాక ఒకరోజు, క్లాసు అయిపోగానే నా బల్ల దగ్గరికొచ్చి, ఇంటి దగ్గర పదిసార్లు వల్లె వేసుకుని వచ్చిన వాక్యం ఒకటి తడబడకుండా అప్పజెప్పారు.

"టీచర్, ఆన్ సండే ప్లీజ్ కమ్ టు మై హౌస్ టు ప్లే."

ఆదివారం మా ఇంటికి ఆడుకోవడానికి రండి అని.

మనవణ్ణి బడికి దిగబెట్టే వయసు మనిషి నన్ను ఆడుకోవడానికి పిలుస్తున్నారు. "ప్లే కాదండీ, విజిట్ అనాలి" అని నేను వెంటనే దిద్దేశాను. ఆయన తలూపి, నోటుబుక్కు తీసి రాసుకున్నారు. ముఖం కొంచెం చిన్నబోయింది. ఎందుకో అప్పుడు నాకు బోధపడలేదు.

ఆ తర్వాత అదే మాట నలుమూలల నుంచీ వచ్చి పడింది. "పోయిన ఆదివారం నేను మా అమ్మతో ప్లే చేశాను" అంది ఒక నర్సు అమ్మాయి. "మా అబ్బాయి ఎప్పుడూ ఫోను ప్లే చేస్తుంటాడు" అన్నాడొకాయన. సెలవులకి బీజింగ్ వెళ్లి ప్లే చేసి వచ్చామన్నారు ఇంకో ఇద్దరు. ప్రతిసారీ నేను ఎర్రసిరాతో ఒకదాన్ని విజిట్ చేశాను, ఒకదాన్ని స్పెండ్ టైమ్ చేశాను. చీకట్లో ఒకడు తట్టుకుని పడితే కాలు జారిందనుకుంటాం. పదిమందీ అదే చోట పడుతుంటే అక్కడ రాయి ఉందేమోనని వంగి చూడాలి కదా. నేను వంగి చూడటానికి రెండు నెలలు పట్టింది. ఆ రాయి సంగతే ఈ పూట మీతో చెప్పాలనుకుంటున్నాను.

ఇంగ్లీషులో బరువైన మాటలు పెద్ద మాటలు కావు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో, మూడక్షరాల 'సెట్' అన్న క్రియకి 430 అర్థాలిచ్చారు. ఫొటోసింథసిస్ అంటే ఒకటే అర్థం. ఒకసారి నేర్చుకుంటే చాలు. ప్లే అలాంటిది కాదు. బంతి ప్లే, పియానో ప్లే, పాట ప్లే, పాత్ర ప్లే, రంగస్థలం మీద నాటకమూ ప్లేయే. చైనా బడుల్లో 2001 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలుపెట్టాలన్నారు. ఆ తొలి పుస్తకాల్లోనే ఈ మాట వస్తుంది. బంతి ఆటల ముందు 'ద' పెట్టకూడదు, వాయిద్యాల ముందు పెట్టాలి అన్న సూత్రాన్ని పరీక్షల కోసం అందరిచేతా బట్టీ పట్టిస్తారు. ప్లే బాస్కెట్‌బాల్. ప్లే ద పియానో. నా క్లాసులో పాతికేళ్లవాళ్లని నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. ఆ సూత్రంలో వాళ్లకి పొరపాటే రాదు. పొరపాటు వచ్చేదంతా మనిషి మనిషితో మామూలుగా మాట్లాడే చోట.

ఎందుకంటే, వాళ్ల నిఘంటువులో ప్లే పక్కన మొట్టమొదట కనిపించే చైనా మాట 'వాన్'. పిల్లలు ఆడుకోవడం వాన్. అంతటితో ఆగితే గొడవే లేదు. పని కాని పని, తీరిగ్గా, ఇష్టంగా చేసేదంతా వాన్. స్నేహితులతో కూర్చుని కబుర్లు చెప్పుకోవడం వాన్. ఊరు చూడటానికి వెళ్లడం వాన్. ఫోను పట్టుకుని గంటలు గడపడం వాన్. సరదాగా ఉన్నదాన్ని 'హావ్ వాన్' అంటారు, మక్కీకి మక్కీ చెబితే ఆడుకోవడానికి బాగున్నది అని. పెద్దవాళ్లు ఒకరినొకరు ఇంటికి పిలిచే మర్యాద మాటే 'యౌ ఖుంగ్ లాయ్ వాన్'. అంటే, తీరికున్నప్పుడు ఆడుకోవడానికి రండి. మనం గుమ్మం దగ్గర నిలబడి "వీలుచూసుకుని ఓసారి అలా రండి" అనమూ? అదే.

ఆ మాట రాసే అక్షరం ఇంకా ముచ్చటైనది. దాని ఎడమపక్క ఉన్నది రాయి. జేడ్ అంటారే, ఆ లేతపచ్చ రాయి. క్రీ.శ. 100లో షూ షెన్ అనే పండితుడు పూర్తిచేసిన షువోవెన్ నిఘంటువులో వాన్‌కి ఇచ్చిన అర్థం, చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతూ మురవడం. ఆ పాత వాసన ఇప్పటికీ పోలేదు. పురాతన వస్తువుల్ని చైనా భాషలో 'కూ వాన్' అంటారు, పాతకాలపు ఆటవస్తువులని. పార్కుల్లో ముసలివాళ్లు రెండు వాల్‌నట్ కాయల్ని అరచేతిలో పెట్టుకుని గిరగిరా తిప్పుతుంటారు. ఏళ్ల తరబడి అలా తిప్పితే చేతి చెమటకీ జిడ్డుకీ కాయలు ఎర్రబారి, మన పాత ఇళ్ల గడపల్లా నిగనిగలాడతాయి. చెంగ్డూ పీపుల్స్ పార్కులో, టీ దుకాణపు వెదురు కుర్చీల్లో అలాంటి పెద్దమనిషిని చూస్తూ నేను ఒక పూటంతా కూర్చున్నాను. తొందర లేదు, గెలుపు లేదు, లెక్క లేదు. మా ఇంజనీరుగారు నన్ను పిలిచింది దానికి. దాన్ని నేను 'విజిట్' చేశాను. విజిట్‌లో వేళ ఉంది, పని ఉంది, లేచి వెళ్లిపోవడం ఉంది. రాయి చేతిలో తిప్పుకునే తీరిక ఉందా?

సరే, అది ఒక వైపు. ఇంకో వైపు చూస్తే, ఇంగ్లీషు వాళ్లని పెట్టే బాధ కూడా చిన్నది కాదు.

ఒక సాయంత్రం బోర్డు మధ్యలో ప్లే అని రాసి, దీనికి మీ భాషలో ఎన్ని మాటలుంటే అన్నీ రాయమన్నాను. నర్సు అమ్మాయి లేచి బాస్కెట్‌బాల్‌కి 'తా' అని రాసింది. ఫుట్‌బాల్‌కి అది చెల్లదు, 'థీ' అని ఇంకొకతను రాశాడు. ఈ త, థల తేడా మన చెవికి ఇట్టే తెలుస్తుంది. ఇంగ్లీషువాళ్లు దానికే ఆపసోపాలు పడతారు. చదరంగానికి 'స్యా'. పియానోకి 'థాన్'. వయొలిన్‌కి 'లా'. వేణువుకి 'ఛుయ్'. ఫోన్లో పాటకి 'ఫాంగ్'. నాటకంలో పాత్రకి 'యెన్'. చూస్తుండగానే బోర్డు నిండిపోయింది.

ఏ అక్షరంలో ఏ ముక్క ఏమిటో చెప్పమని అడిగాను. తా అక్షరానికి ఎడమపక్క ఉన్నది చెయ్యి, ఎందుకంటే అది కొట్టడం. థీలో ఉన్నది పాదం, అది తన్నడం. ఛుయ్‌లో నోరు. లాలో మళ్లీ చెయ్యి, అది లాగడం. వయొలిన్ వాయించేవాడు కమాను లాగుతాడు కదా! థాన్‌లో ఉన్నది విల్లు. బాణాలకి బదులు గుళ్లు వేసే విల్లు ఒకటి పూర్వం ఉండేది, దాని తాడు లాగి వదలడమే థాన్. అదే అక్షరాన్ని తాన్ అని పలికితే తుపాకి గుండు. పియానో మెట్ల మీదా, పీపా అనే చైనా తీగవాయిద్యం మీదా వేళ్లు చేసే పనికీ ఆ వింటితాడు మాటే. అసలు పీపా వాయిద్యానికి ఆ పేరు ఎలా వచ్చిందో హాన్ రాజుల కాలం నాటి పుస్తకంలో రాసి ఉంది. చెయ్యి ముందుకి తోస్తే పీ, వెనక్కి లాగితే పా. ఇక స్యా అంటే కిందికి. పావుని బల్ల మీద దించుతాం గనక చదరంగానికి ఆ మాట. వాన పడటానికీ, కోడి గుడ్డు పెట్టడానికీ కూడా అదే. ఫాంగ్ అంటే వదలడం. పాటని వదులుతారు, గాలిపటాన్ని వదులుతారు, టపాకాయలు వదులుతారు, గొర్రెల్ని మేతకి వదులుతారు.

అలా ఆ భాష ముందు ఒంటిని చూస్తుంది. ఏ అవయవం కదిలింది, ఎటు కదిలింది అని అడుగుతుంది. ఆ ప్రశ్నకి జవాబు చెబితే తప్ప మాట నోటికి రాదు. ఇంగ్లీషు అది అడగదు. మనిషి ఆ పనిలో పడ్డాడా లేదా, అంతే చూస్తుంది. వేలితో మీటినా, కాలితో తన్నినా, నోటితో ఊదినా ప్లేయే. అందుకే చైనా విద్యార్థి ఐ ప్లే ద ఫ్లూట్ అని సరిగ్గానే అన్నా, ఆ వాక్యంలో ఊపిరి లేదనిపిస్తుంది అతనికి. ఈ మాట నా క్లాసులో ఒక ఫ్లూటు మాస్టారు నాతో అన్నదే.

ఆ పూట బోర్డు ముందు నిలబడి ఉన్నప్పుడు నా సంగతి నాకు గుర్తొచ్చింది. మనమూ అంతే కదా? వేణువు ఊదుతాం, వీణ మీటుతాం, డప్పు కొడతాం, తాళం వేస్తాం, బొంగరం తిప్పుతాం, గాలిపటం ఎగరేస్తాం, పాట పెడతాం, వేషం కడతాం. ఈ విషయంలో తెలుగువాడు కూర్చోవలసింది ఆ బెంచీల మీదే, బల్ల వెనక కాదు. చిన్నప్పుడు ప్లే ద వీణా అని చదివినప్పుడు నాకూ ఏదో వెలితి అనిపించి ఉండాలి. పరీక్షల తొందరలో మరిచిపోయాను.

మరి వాళ్ల భాషలో మాత్రం ఒకే మాట పదిచోట్ల తిరగదా అంటే, ఎందుకు తిరగదు! తా సంగతే చూడండి. ఫోను కొడతారు, ఇంజెక్షన్ కొడతారు, తుమ్ము కొడతారు, స్వెటర్ అల్లడం కూడా కొట్టడమే. పేకాట, మాజాంగ్, థాయ్‌చీ కొట్టడమే.  దీని మీద వెయ్యేళ్ల కిందటే ఒక పెద్దాయనకి కోపం వచ్చింది. సోంగ్ రాజుల కాలంలో ఔయాంగ్ షియు అనే మహారచయిత ఉండేవాడు, 1007లో పుట్టి 1072లో పోయాడు. గ్వీథియెన్ లు అనే తన పుస్తకంలో ఆయన అన్నది ఇదీ: తా అంటే అసలు కొట్టడం. ఇప్పుడు పడవ చెయ్యడాన్నీ తా అంటున్నారు, చేపలు పట్టడాన్నీ, నీళ్లు తోడటాన్నీ, గొడుగు పట్టడాన్నీ, నేల కొలవడాన్నీ తా అంటున్నారు. చదువుకున్నవాళ్లు కూడా ఇలా మాట్లాడితే ఎలా అని. ఆయన కోపం కోపంగానే మిగిలింది, జనం ఇంకా గొడుగు 'కొడుతూనే' ఉన్నారు. ఎర్రసిరా చేతిలో ఉన్నవాళ్లకి ఆయన మాటలు చదివినప్పుడు చెయ్యి కాసేపు ఆగుతుంది. నాకు ఆగింది.

ఇక ప్లేలో ఒక అర్థం చైనాకి అసలు మాట దొరక్కుండానే వచ్చింది. ఫెయిర్ ప్లే. 1925లో లిన్ యుటాంగ్ అనే రచయిత ఒక పత్రికలో ఈ ఫెయిర్ ప్లే గుణం చైనాలో అరుదు, దాన్ని పెంచుకోవాలి, ఓడిపోయినవాణ్ణి మళ్లీ కొట్టకూడదు అన్న ధోరణిలో రాశాడు. ఆ డిసెంబరులోనే లూ షున్ అనే ఇంకో రచయిత దానికి జవాబు రాశాడు. ఫెయిర్ ప్లేకి ఇంకా వేళ రాలేదు, నీళ్లలో పడ్డ కుక్క కరిచే కుక్కయితే దాన్ని కొట్టవలసిందే అని. ఆ కొట్టడానికి ఆయన వాడిన మాట మన తాయే. వ్యాసం శీర్షికలో మాత్రం ఫెయిర్ ప్లేని అనువదించలేదు. ఆ శబ్దానికి సరిపడే నాలుగు చైనా అక్షరాలే పెట్టాడు, ఫెయ్-అ-పో-లాయ్ అని. వాన్ పెట్టలేదు, పెట్టి ఉంటే అది పిల్లలాట అయ్యేది. తా పెడితే అర్థం తిరగబడేది. నా క్లాసులో ఇద్దరు ముగ్గురికి ఆ వ్యాసం బాగా తెలుసు. ఆ పోలాయ్‌లో ఉన్నది తమకి మూడో తరగతి నుంచీ తెలిసిన ప్లేయేనని మాత్రం ఆ రోజుదాకా ఎవరికీ తట్టలేదు. నర్సు అమ్మాయి నోట్లోనే పలుకుతూ రెండుసార్లు చెప్పుకుంది, పోలాయ్, ప్లే, పోలాయ్, ప్లే అని.

నా వల్ల జరిగిన ఒక తప్పు కూడా చెప్పాలి. బట్టల దుకాణంలో పనిచేసే కుర్రాడొకడు ఇంటిపనిగా ఇచ్చిన వ్యాసంలో ఇలా రాశాడు: ఐ హావ్ ప్లేడ్ మై గర్ల్‌ఫ్రెండ్ ఫర్ టూ ఇయర్స్, అండ్ నౌ వి విల్ మ్యారీ. ఇంగ్లీషులో ఒక మనిషిని 'ప్లే' చేయడమంటే నమ్మించి మోసం చేయడం. నేను దాన్ని కొట్టేసి, పక్కన 'చాలా చెడ్డ మాట' అని రాసి ఇచ్చాను. అతను కాగితం చూసుకుని చెవులదాకా ఎర్రబడ్డాడు. పైవారం క్లాసుకి రాలేదు. తర్వాత నర్సు అమ్మాయి నాకు విడమరిచి చెప్పింది. సిచువాన్ యాసలో వాన్ అనరు, 'ష్వా' అంటారు. అబ్బాయీ అమ్మాయీ ప్రేమించుకుని కలిసి తిరగడాన్ని అక్కడ 'ష్వా పెంగ్‌యౌ' అంటారు. ముక్కకి ముక్క వేస్తే, స్నేహితులతో ఆడుకోవడం. తాతలూ బామ్మలూ కూడా "మా వాడు ఎవర్నైనా ష్వా చేస్తున్నాడా" అని పరువుగా అడిగే మాట. కుర్రాడు తన భాషలో ఉన్న మర్యాదైన మాటనే తెచ్చి నా ముందు పెట్టాడు. అతను మళ్లీ వచ్చిన రోజున అందరి ముందూ తప్పు నాదని చెప్పాను. మా భాషలోనూ పెళ్లి చేసుకోవడాన్ని పెళ్లాడటం అంటాం, అందులోనూ ఆడటం ఉందని బోర్డు మీద తెలుగులో రాసి చూపించాను. అతను ఆ అక్షరాలని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు, ఆ అమ్మాయికి చూపిస్తానని.

ఆ రాత్రి ఇంటికి నడుస్తూ మన ఆడు గురించే ఆలోచించాను. మాట్లాడతాం, పోట్లాడతాం, బేరమాడతాం. సినిమా ఆడుతుంది. ఉక్కపోస్తే గాలి ఆడదు. భయమేస్తే కాలూ చెయ్యీ ఆడవు. ఊపిరాడటం మీదే ప్రాణం నిలిచి ఉంది. వీటిలో చాలాచోట్ల ఉన్నది ఆట కాదు, కదలిక. తీరా చూస్తే ఇంగ్లీషు ప్లే మూలం కూడా అక్కడే ఉంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఆ మాటకి చురుగ్గా కదలడం, కసరత్తు చేయడం అన్న అర్థాలుండేవి, కత్తి తిప్పడానికీ అదే మాట వాడేవారు. నీళ్ల మీద వెలుగు ప్లే చేస్తోంది అంటే, ఎవరితో అని చైనా విద్యార్థి అడుగుతాడు. మనవాడు అడగడు, వెలుగు ఆడుతోంది అనుకుంటాడు.

ఈ కదలిక అర్థాన్ని నా క్లాసుకి నేను చెప్పలేదు. మా ఇంజనీరుగారే నాకు చెప్పారు.

నాలుగో నెలలో ఆయన మళ్లీ పిలిచారు. ఈసారి జాగ్రత్తగా, ప్లీజ్ విజిట్ మై హౌస్ అన్నారు. "విజిట్‌కి రాను, ఆడుకోవడానికైతే వస్తాను" అన్నాను. ఆయన కళ్లు రెండూ మూసుకుపోయేలా నవ్వారు.

ఆదివారం వెళ్లాను. పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగలు, మల్లెపూల టీ. ముందుగదిలో మాజాంగ్ బల్ల చుట్టూ ఆయన భార్య, పక్కింటివాళ్లు. పావులు కలుపుతుంటే గులకరాళ్ల మీద వాన పడ్డట్టు చప్పుడు. ఆయన నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి, సొరుగులోంచి అట్టలు ఊడిన ఒక ఇంగ్లీషు యంత్రాల పుస్తకం, నూనెగుడ్డలో చుట్టిన ఒక బేరింగూ తీశారు. పుస్తకంలో ఒకచోట ప్లే అన్న మాట కింద పాత పెన్సిలు గీత ఉంది. ఫ్యాక్టరీలో తాను కుర్రాడిగా ఉన్నప్పుడు గీసిందట. తాను మొదట నేర్చుకున్న ప్లే ఇదేనన్నారు.

బేరింగు బయటి వలయాన్ని నా చేత పట్టించి, లోపలి వలయాన్ని వేలితో మెల్లిగా కదిపారు. అటూ ఇటూ లేశమంత కదిలింది. కంటికి కనిపించదు, వేలికి తెలుస్తుంది. ఇంత చిన్న బేరింగులో ఆ సందు వెంట్రుక మందం కూడా ఉండదు. మన ఊళ్లలో మెకానిక్కులు స్టీరింగ్ కదిపి చూసి "ప్లే ఉందండీ" అంటారే, ఆ ప్లే. ఆ సందు మరీ ఎక్కువైతే యంత్రం అదురుతుంది. అసలు లేకపోతే, తిరిగి తిరిగి వేడెక్కి, లోపలి వలయం ఉబ్బి, గుళ్లు బిగుసుకుని, బేరింగు పట్టేస్తుంది. చైనా ఇంజనీర్లు ఆ సందుని 'యౌషీ' అంటారు. పిల్లల ఆటని కూడా 'యౌషీ' అనే అంటారు. రాత వేరు, పలుకు ఒక్కటే, స్వరం కూడా ఒక్కటే. కాగితం మీద రెండూ పక్కపక్కన రాసి, మధ్యలో ఇంగ్లీషు అక్షరాలతో ప్లే అని రాసి, మూడింటి చుట్టూ ఒక గీత చుట్టారు. ముప్పై ఏళ్లుగా ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనుకుంటున్నారట. చెప్పడానికి ఇంగ్లీషు మాస్టారెవరూ దొరకలేదట.

మొదటిసారి పిలిచింది కూడా ఇది చూపించడానికేనా అని అడిగాను. తలూపారు.

ఇంతలో పక్కింటావిడ వంట వేళైందని లేచి వెళ్లిపోయింది. మాజాంగ్‌కి నలుగురుండాలి. ఇంజనీరుగారి భార్య ఖాళీ కుర్చీని కొంచెం వెనక్కి లాగి, గుమ్మంలోంచి నాకేసి చూసి, సిచువాన్ యాసలో పిలిచారు.

"లావ్‌షీ, లాయ్ ష్వా." టీచర్, ఆడుకోవడానికి రండి అని.

బేరింగు ఇంకా నా చేతిలోనే ఉంది. అలాగే వెళ్లి కూర్చున్నాను.